తాబేళ్లు చూపించబోయే పిల్లలకు

చిరంజీవులైన పిల్లలకు, తాతయ్య ఆశీస్సులు.

సముద్ర తాబేళ్లు చూడ్డానికి వచ్చేవాళ్లకి దారి చూపే పని ఈ ఏడు మీదేనట. బారువలో మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే చోటైనా, కళింగపట్నంలో వంశధార కలిసే చోటైనా జాగ్రత్తలు ఒకటే.

ఒడ్డెక్కిన తాబేలుకి బెదురెక్కువ. టార్చి వేసినా, ఎదురుగా నిలబడినా గుడ్లు పెట్టకుండానే తిరిగి వెళ్లిపోతుంది. గుడ్లు జారడం మొదలయ్యాక కొంత నయం. అప్పుడు నలుగురైదుగురు, వెనక నుంచి, ఎర్ర కాగితం చుట్టిన టార్చితో చూడొచ్చు. ఫ్లాషు మాత్రం వద్దే వద్దు. గొయ్యి మూరెడు లోతు ఉంటుంది, కుండలా అడుగున వెడల్పు, మూతి దగ్గర ఇరుకు. అందులో వంద, నూటపాతిక గుడ్లు. పూడ్చాక ఒళ్లు ఎత్తెత్తి ఇసుకను దబదబా కొడుతుంది; అది చూసినవాళ్లు ఇక ఫొటో మాటే ఎత్తరు.

తెల్లారితే కుక్కలూ నక్కలూ తవ్వేస్తాయని అటవీశాఖ వాళ్లు గుడ్లను హేచరీకి, అంటే గుడ్లు పొదిగించే కాపలా చోటికి, మారుస్తారు. మీరుగా ముట్టకండి, 1972 వన్యప్రాణి చట్టం ఒప్పదు. బకెట్టు మోయమంటే మోయండి. పెట్టిన రెండు మూడు గంటల్లోనే మార్చాలి. ఆలస్యమైతే పిండం పెంకు పైభాగానికి అతుక్కుంటుంది, గుడ్డు దొర్లిందా చచ్చిపోతుంది. అందుకే బకెట్టు అడుగున తడి ఇసుక వేసి, కుదుపు లేకుండా నడవాలి. మోటారుసైకిలు మీద పెట్టకండి.

పొదగడానికి 45 నుంచి 60 రోజులు. ఇసుక వేడి 29 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే ఆడా మగా కలిసి పుడతాయి. పెరిగితే ఆడవే ఎక్కువ, మరీ కాగితే అసలు పొదగవు. ఎండలు ముదిరాక హేచరీ మీద తాటాకు పందిరి అందుకే.

తగువంతా తాబేలు పిల్లల్ని వదిలేటప్పుడే. అవి రాత్రి చల్లబడ్డాక గొయ్యి లోంచి వస్తాయి. వచ్చినవాళ్లు తీరిగ్గా టిఫిను తిని, ఎనిమిదింటికి వదలమంటారు. కుదరదని చెప్పండి. పొట్టలో మిగిలిన పచ్చసొనే పిల్లకి దారిబత్తెం. తొట్టి నీళ్లలో ఈదిస్తూ ఉంచితే ఆ బత్తెం అక్కడే ఖర్చయిపోతుంది. చీకటి ఉండగానే, నీళ్లకి పది అడుగుల ఇవతల ఇసుక మీద వదలండి, నడిచి వెళ్తాయి. రోజూ ఒకే చోట వదిలితే చేపలు కాపు కాస్తాయి. సముద్రం వైపు ఉన్న హోటలు దీపాలు ఆర్పించండి. వెలుగు ఎక్కడుంటే అదే సముద్రం అనుకుని అటే పాకుతాయి.

ఒడ్డున చచ్చిన తాబేళ్లు ఎందుకని అడిగితే దాచకండి. ఊపిరికి అవి పైకి రావాలి. మరబోట్లు ఈడ్చే ట్రాలు వలలో చిక్కితే మునిగి చస్తాయి. చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, గుడ్ల జోరు దానికి ముందే.

తాబేలు పిల్లలు వెళ్లాక అటవీశాఖ వాళ్లు గొయ్యి తెరిచినప్పుడు దగ్గరుండి పెంకులు లెక్కపెట్టండి. పొదగని గుడ్లు తడిసి బూజు పట్టి ఉంటే నీరు చేరిందేమో, లోపల పెరిగిన పిల్ల ఎండిపోయి ఉంటే వేడి ఎక్కువైందేమో. ఏది కనిపిస్తే అది ఆ గొయ్యి నంబరు పక్కన రాయించండి.

మీ తాతయ్య