పార్సిల్ అడిగితే పొట్లమే వస్తుంది

మా అక్క కూతురు బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఉద్యోగం చేస్తోంది. మొన్న రాత్రి ఫోన్ చేసింది. "మామయ్యా, అదే లింకు బ్రౌజర్‌లో చక్కగా తెరుచుకుంటోంది. నా పైథాన్ ప్రోగ్రామ్‌తో తెస్తే పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. సర్వర్ పాడైందా?" అప్పటికే రెండుసార్లు రీస్టార్ట్ చేసిందట, కాష్ క్లియర్ చేసిందట. ఇక లాప్‌టాప్‌కి నిమ్మకాయ కట్టడమే తక్కువ.

"బ్రౌజర్ లింకుతో పాటు సర్వర్‌కి పంపే సూచనలు, అదే హెడర్లు, కాపీ కొట్టావా?"

"అన్నీ కొట్టాను. లేకపోతే సర్వర్ 403, అంటే 'నీకు ఇవ్వను', అంటుందని ఆఫీసులో చెప్పారు."

అక్కడుంది తిరకాసు.

దర్శినిలో, అంటే బెంగళూరులో నిలబడి తినే టిఫిన్ హోటల్లో, ఇడ్లీకి టోకెన్ తీసుకుంటాం. ఇడ్లీ అన్నది లింకు. "పార్సిల్" అని చేర్చే మాట హెడర్. ఇడ్లీ అదే, కానీ పొట్లంలో వస్తుంది, విప్పుకోవాల్సింది మనమే. అక్సెప్ట్-ఎన్‌కోడింగ్ అనే హెడర్ సరిగ్గా ఇదే చెబుతుంది: "జీజిప్, బ్రాట్లీ పొట్లాలు విప్పడం నాకొచ్చు, అలా కట్టిచ్చినా పర్లేదు." జీజిప్, బ్రాట్లీ అంటే డేటాని కుదించి కట్టే రెండు పద్ధతులు. బ్రౌజర్‌కి రెండూ వచ్చు. మా అమ్మాయి పైథాన్‌లో లింకులు తేవడానికి వాడిన రిక్వెస్ట్స్ లైబ్రరీ జీజిప్‌ని తనే విప్పేస్తుంది. బ్రాట్లీ విప్పాలంటే ఇంకో ప్యాకేజీ విడిగా ఇన్‌స్టాల్ చేయాలి. అది లేకుండానే "వచ్చు" అని రాసి పంపింది. సర్వర్ నమ్మింది.

జీజిప్ పొట్లాన్ని పోల్చుకోవడం తేలిక, మొదటి రెండు బైట్లు ఎప్పుడూ 31, 139. బ్రాట్లీకి అలాంటి పుట్టుమచ్చ లేదు. పొట్లం మీది చీటీ, అంటే జవాబులో వచ్చే కంటెంట్-ఎన్‌కోడింగ్ హెడర్, చదవాల్సిందే. సర్వర్ పంపే స్టేటస్ నంబరు మాత్రం 200, అంటే 'అంతా బాగుంది'! కాలేజీలో 404 అంటే 'దొరకలేదు' అని బట్టీ పట్టిస్తారు గానీ, 200 వచ్చినా ఇలా చెత్త చేతికి రావచ్చని ఎవరూ చెప్పరు.

ఒక్కోసారి తప్పు అవతలివైపే ఉంటుంది. ముందు మనిషికి కట్టిన పొట్లం మిగిలితే, నిలబడి తినేవాడి చేతిలో పెట్టేస్తారు. సర్వర్‌కీ మనకీ మధ్యలో ఉండి, పాత జవాబుల్ని దాచి మళ్లీ ఇచ్చే కాష్ ఇలాగే చేస్తుంది. "ఈ జవాబు అక్సెప్ట్-ఎన్‌కోడింగ్‌ని బట్టి మారుతుంది" అని సర్వర్ వేరీ హెడర్‌లో రాయకపోతే కాష్‌కి తేడా తెలియదు. అప్పుడు ఏ హెడరూ పెట్టనివాడికీ పొట్లమే.

తనకి ఇదంతా వెంటనే చెప్పలేదు. "16 హెడర్లున్నాయి కదా, సగం తీసి చూడు" అన్నాను. బాగుపడితే దొంగ తీసిన సగంలో ఉన్నాడు, లేకపోతే మిగిలిన సగంలో. దొంగ ఒక్కడే అయితే నాలుగు ప్రయత్నాల్లో దొరుకుతాడు. ఇద్దరు కుమ్మక్కైతే ఈ లెక్క పనిచేయదు, అది వేరే తలనొప్పి.

మూడోసారికే, "మామయ్యా, ఎన్‌కోడింగ్ లైనేనా?" అంది. దాన్ని చెరిపేసింది. మనం రాయకపోతే లైబ్రరీ తనంతట తనే ఆ హెడర్ పెట్టుకుంటుంది, విప్పడం వచ్చిన పొట్లాల పేర్లు మాత్రమే రాసి.