చవక రెడ్ వైన్ కథ: బోజొలే కొండల్లో ఏం జరిగింది?

బయటి ఈస్ట్, రసాయనాలు వీలైనంత తక్కువగా వాడి చేసే నేచురల్ వైన్ అనగానే ఇప్పుడు చాలామందికి పెద్ద నగరాల బార్లు, పిచ్చిగీతల లేబుళ్లు, గుండె గుభేలుమనిపించే బిల్లు గుర్తొస్తాయి. ఈ వైన్‌కు పేరు తెచ్చిన బోజొలే ప్రాంతానికి మాత్రం ఖరీదైన సరుకు తయారుచేసిన చరిత్ర లేదు. ఫ్రాన్స్‌లో లియోన్ నగరానికి ఉత్తరాన ఉన్న కొండసీమ అది. అక్కడ పండేది ప్రధానంగా గమే అనే ఒక్క రకం నల్ల ద్రాక్ష.

ఆ గమేకు పుట్టినింట్లోనే పరాభవం జరిగింది. 1395లో బర్గండీ డ్యూక్ ఫిలిప్ దాన్ని తన సీమలో వేళ్లతో సహా పీకేయమని ఆజ్ఞ వేశాడు. చెడ్డది, నమ్మకద్రోహి అని ఒక మొక్కను రాజశాసనంలోనే తిట్టించాడు. విరగకాసే గమే వల్ల పినో నువార్ అనే మేలురకం ద్రాక్ష వైన్ పరువు పోతుందని ఆయన బెంగ. బర్గండీలో చీదరింపులు తిన్న గమే దక్షిణాన బోజొలే గ్రానైట్ నేలలకు మాత్రం చక్కగా కుదిరింది.

అక్కడి వైన్ సోన్ నది మీదుగా లియోన్ చేరేది. పట్టునేత కార్మికుల ఊరది. అడుగు మందంగా ఉండే 46 సెంటీలీటర్ల సీసాలో పోసి, భోజనంతో పాటు బల్లమీద పెట్టేవాళ్లు. రోన్, సోన్, బోజొలే అని మా ఊరికి మూడు నదులని లియోన్ జనం ఇప్పటికీ చమత్కరిస్తారు.

ఈ వైన్ తేలిగ్గా గొంతు దిగడానికి కారణం అది పులిసే తీరులో ఉంది. ద్రాక్షను చితక్కొట్టరు, గుత్తులకు గుత్తులే తొట్టిలో వేస్తారు. అడుగున ఉన్న కాయలు పైబరువుకు నలిగి, రసం కారి పులవడం మొదలెడతాయి. అందులోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ తొట్టి నిండా కమ్ముకుంటుంది. గాలి అందని పైకాయలు పగలకుండానే లోలోపల కొద్దిగా పులుస్తాయి. తొక్కలోని వగరు పెద్దగా దిగదు, పులుపు తగ్గుతుంది, పండు వాసన నిలుస్తుంది. ఏళ్ల తరబడి దాచాల్సిన పని లేదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తోటల్లోకి రసాయన ఎరువులు, కలుపు మందులు, తొట్టెల్లోకి ప్యాకెట్ ఈస్ట్, చక్కెర, వైన్ చెడకుండా వేసే గంధకం దండిగా వచ్చిపడ్డాయి. దానికి తోడు బోజొలే నూవో హడావుడి. కోత అయిన కొన్ని వారాలకే కొత్త వైన్ అమ్ముకునే వెసులుబాటు 1951లో దొరికింది. 1985 నుంచి ఏటా నవంబర్ మూడో గురువారం విడుదల. తేదీకి సరుకు సిద్ధం కావాలంటే పులవడాన్ని తొందరపెట్టాల్సిందే. 71బి అనే ఈస్ట్ వాడకం పెరిగి, సీసా మూత తీస్తే అరటిపండు వాసన కొట్టేది. అమ్మకాలు జోరుగానే సాగాయి గానీ, చివరికి మోజు తీరింది. 2001 పంటలో అమ్ముడుపోని 11 లక్షలకు పైగా కేసుల వైన్‌ను బట్టీలో కాచి స్పిరిట్ తీయడమో పారబోయడమో చేయాల్సి వచ్చింది.

ఇదంతా జరుగుతుండగానే ఎదురుగాలి కూడా మొదలైంది. విచిత్రం ఏమిటంటే, రసాయనాలు వద్దన్నవాడు స్వయంగా రసాయన శాస్త్రవేత్త. జూల్ షొవే (1907–1989) వైన్ వ్యాపారి కూడా. ద్రాక్ష తొక్కమీద సహజంగా ఉండే ఈస్ట్‌తోనే, గంధకం లేకుండా మంచి వైన్ చేయొచ్చని ప్రయోగాలతో చూపించాడు. తాటికల్లు ఎవరూ ఈస్ట్ వేయకుండానే పులుస్తుందని తెలిసిన మనకు ఇందులో వింతేమీ లేదు. కష్టమంతా దాన్ని చెడకుండా నిలబెట్టడంలోనే. అందుకు కుళ్లిన కాయ ఒక్కటి కూడా లేకుండా ఏరాలి, తొట్టె శుభ్రంగా ఉండాలి, వేడి అదుపులో పెట్టాలి.

బోజొలేలోనే పేరున్న మోర్గాన్ సీమ రైతు మార్సెల్ లాపియేర్ 1981లో షొవేను కలిశాక ఆ దారి పట్టాడు. జాన్ ఫొయ్యార్, గీ బ్రెతోన్, జాన్-పాల్ తెవెనే తోడయ్యారు. ఈ నలుగురి వైన్‌ను అమెరికాకు దిగుమతి చేసిన కర్మిట్ లించ్ వాళ్లకు 'గ్యాంగ్ ఆఫ్ ఫోర్' అని పేరు పెట్టాడు. పేరుతో పాటు ధర కూడా పెరిగింది. 2010లో లాపియేర్ పోయాడు. పిల్లలు నడుపుతున్న ఆ ఎస్టేట్ మోర్గాన్ సీసా ఇప్పుడు రోజువారీ వైన్ ధరకు దొరకదు.

చవక కావాలంటే మోర్గాన్ లాంటి పేరున్న సీమల వైన్ కంటే ఇంకో మెట్టు కిందికి చూడాలి. బోజొలే-విలాజ్ అని గానీ, ప్రాంతం పేరు లేకుండా 'వాన్ దె ఫ్రాన్స్' అని గానీ లేబుల్ ఉన్నవి నయం. లాపియేర్ కుటుంబమే చేసే 'రేజాన్ గొల్వా' ఆ రెండో కోవది. కొంచెం చల్లబరిచి, 14 డిగ్రీల దగ్గర తాగితే బాగుంటుంది. నేచురల్ అన్న ప్రతిదీ మాత్రం బాగుంటుందని నేను చెప్పను. ఎలుక కంపు కొట్టేవి, వెనిగర్‌కు తిరిగినవి ఉంటాయి, అదే దాని సహజ రుచి అని సమర్థించేవాళ్లూ ఉంటారు.

చాలాకాలం ఎవరు పడితే వారు నేచురల్ అన్న మాట వాడుకున్నారు. 2020లో ఫ్రాన్స్ 'వాన్ మెతోద్ నతూర్' ముద్రకు ఒప్పుకుంది: సేంద్రియ ద్రాక్ష, చేత్తో కోత, సహజ ఈస్ట్, సల్ఫైట్లు (అంటే ఆ గంధకమే) లీటరుకు 30 మిల్లీగ్రాముల లోపు. మామూలు డ్రై రెడ్‌కు యూరప్‌లో 150 దాకా అనుమతి ఉంది. 2023 డిసెంబర్ 8 తర్వాత తయారైన వైన్‌లో ఏమేం కలిపారో లేబుల్ మీదో క్యూఆర్ కోడ్‌లోనో చెప్పాలని కూడా అక్కడ నిబంధన వచ్చింది.