ముక్కులో ట్యూబ్ వేశారంటే ఆశ లేనట్టు కాదు: కాలిన గాయాలు - అపోహలు, వాస్తవాలు

చెన్నైలో కాలిన గాయాల వార్డులో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చే మనవాళ్లు మొదటి రోజే అనే మాటలు ఇవి.

అపోహ: ముక్కులో ట్యూబ్ వేశారంటే ఇక ఆశ లేనట్టే.
వాస్తవం: ఆశ ఉంది కాబట్టే వేస్తాం. ఒళ్లు 20 శాతానికి మించి కాలితే నోటితో తినేది సాధారణంగా చాలదు. అందుకే మొదటి 24 గంటల్లోపే ట్యూబ్‌తో ఆహారం మొదలుపెడతాం.

అపోహ: సెలైన్ ఎక్కుతోంది కదా, రెండు రోజులు కడుపుకి రెస్ట్ ఇవ్వండి.
వాస్తవం: ఆ బాటిళ్లలో ఉండేది ముఖ్యంగా నీళ్లు, లవణాలు. ప్రోటీన్ ఒక్క గ్రాము కూడా ఉండదు. కాలిన ఒళ్లేమో రాత్రింబవళ్లు శక్తిని ఖర్చు చేస్తూనే ఉంటుంది. తిండి అందకపోతే సొంత కండనే కరిగించుకుంటుంది. పేగులు ఖాళీగా ఉంటే వాటి లోపలి పొర కూడా పలచబడుతుంది. బీపీ బాగా పడిపోయి, పెద్ద మోతాదు మందులతో నిలబెడుతున్నప్పుడు మాత్రం ఆగుతాం. గ్యాస్ పోయేదాకా ఆగాలా అని అడుగుతారు, అక్కర్లేదు.

అపోహ: గుడ్డు పెడితే చీము పడుతుంది.
ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, గుడ్డు వల్ల కాదు. 60 కిలోల మనిషికి ఈ స్థితిలో రోజుకి 90 నుంచి 120 గ్రాముల ప్రోటీన్ కావాలి. ఒక్కో గుడ్డులో ఉండేది దాదాపు 6 గ్రాములు. అంటే 15 నుంచి 20 గుడ్లంత! నొప్పితో, మత్తుతో ఉన్న మనిషి నాలుగు ముద్దలు తింటేనే గొప్ప. సూళ్లూరుపేట నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, "గంజి తప్ప ఇంకేం పెట్టొద్దమ్మా" అని నా చెయ్యి పట్టుకున్నారు. ఆవిణ్ణి కొడుకు మంచం పక్కకి తీసుకెళ్లి ఫీడింగ్ పంపు చూపించాను. గంటకి 20 మిల్లీలీటర్లు, నాలుగు టీస్పూన్లంత, చుక్కచుక్కగా వెళుతోంది. "ఇంతేనా?" అన్నారు. కడుపు ఒప్పుకునేకొద్దీ పెంచుతామని చెప్పాను. ఆ తర్వాత పూటపూటకీ ఎంత పెంచారని ఆవిడే వచ్చి అడిగేవారు.

అపోహ: ఇంటి నుంచి తెచ్చిన కొబ్బరినీళ్లు ట్యూబ్‌లో మనమే పోసేయొచ్చు.
వాస్తవం: దయచేసి ఆ పని చేయకండి. ట్యూబ్ కొస పొట్టలోనే ఉందని చూసుకోవాలి, తలవైపు మంచం 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉండాలి. లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. పైగా కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, బాగా కాలినవాళ్ల రక్తంలో అది అప్పటికే పెరిగి ఉండొచ్చు. వాంతి అయినా, కడుపు ఉబ్బినా వెంటనే నర్సుని పిలవండి.