అద్దకం నీటికి ప్లాస్మా శుద్ధి: అపోహలు - వాస్తవాలు

అపోహ: ప్లాస్మా అంటే వేల డిగ్రీల వేడి. నీళ్లు మరిగిపోతాయి.

వాస్తవం: ప్లాస్మా అంటే విద్యుత్తు వల్ల కొంత అయాన్లు, ఎలక్ట్రాన్లుగా విడిపోయిన వాయువు. అందులో పుట్టే ఓజోన్ వంటివే నీటిలోని రంగును విరుస్తాయి. ఈ పనికి వాడే ఉష్ణేతర (వేడి లేని) ప్లాస్మాలో వేడిగా ఉండేవి ఎలక్ట్రాన్లే. వాటి శక్తి 1 నుంచి 10 ఎలక్ట్రాన్ వోల్టుల వరకు ఉంటుంది. చుట్టూ ఉన్న వాయువు మాత్రం గది ఉష్ణోగ్రతకు దగ్గర్లోనే ఉంటుంది. సీమెన్స్ 1857లో ఓజోన్ తయారీకి వాడిన అమరికే ఇప్పటికీ దీనికి ఆధారం: రెండు ఎలక్ట్రోడ్లు, మధ్యలో గాజు లేదా క్వార్ట్జ్ పొర, కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ, దానికి 10-20 కిలోవోల్టుల ఏసీ. ఆ పొర అడ్డు ఉండబట్టే కరెంటు ఒకేచోట స్పార్కుగా దూకదు. సన్నటి తంతువులుగా విడిపోతుంది, ప్రతి తంతువూ నానోసెకన్లలోనే ఆరిపోతుంది.

ఆ గాజు పొర గొట్టం రూపంలో ఉన్నప్పుడు, దాని బయట చుట్టే ఎలక్ట్రోడ్ వదులుగా ఉంటే గాజుకీ లోహానికీ మధ్య చిక్కిన గాలిలో కూడా డిశ్చార్జి జరుగుతుంది. కరెంటు వృథా, ఓజోన్ గదిలోకి, పైగా గాజు అక్కడే వేడెక్కి చిట్లుతుంది. సిల్వర్ పేస్ట్ పూయండి, లేదా స్టీలు జాలీని బిగించి చుట్టండి.

అపోహ: రంగు పోయిందంటే నీరు శుభ్రమైనట్టే.

వాస్తవం: అన్నిటికన్నా నష్టం చేసే అపోహ ఇదే. అజో రంగుల్లో కంటికి కనిపించే రంగంతా రెండు నైట్రోజన్ల మధ్య ఉన్న బంధం, దాని చుట్టూ ఉన్న వలయాలు కలిసి ఇచ్చేది. ఆ బంధం తెగగానే నీరు తేటపడుతుంది, కానీ ముక్కలు నీటిలోనే ఉంటాయి. మొదట ఆరోమాటిక్ (కార్బన్ వలయాలున్న) ముక్కలు, తర్వాత ఆక్సాలిక్, ఫార్మిక్ వంటి చిన్న ఆమ్లాలు. ఇవన్నీ కార్బన్ డయాక్సైడ్‌గా మారాలంటే రంగు పోవడానికి పట్టిన దానికి ఎన్నో రెట్లు సమయం పడుతుంది. మన దేశంలో వస్త్ర పరిశ్రమకు 2016లో ఇచ్చిన ప్రమాణాల్లో రంగుకు 150 ప్లాటినం-కోబాల్ట్ యూనిట్ల (నీటి రంగును కొలిచే కొలమానం) హద్దు ఒక్కటే కాదు, మరికొన్నీ ఉన్నాయి. సీఓడీ (నీటిలోని పదార్థాలను రసాయనంతో ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్) లీటరుకు 250 మిల్లీగ్రాములు దాటకూడదు, పీహెచ్ 6.5-8.5 మధ్య ఉండాలి.

రంగు తగ్గడాన్ని కొలవడంలోనే తప్పులు దొర్లుతాయి. మిథైల్ ఆరెంజ్ అనే అజో రంగు పీహెచ్ 4.4 పైన పసుపు, 3.1 కింద ఎరుపు. గాలితో నడిపే ప్లాస్మా మామూలు నీటి పీహెచ్‌ను నిమిషాల్లో 3 దగ్గరకు దించుతుంది. అప్పుడు 464 నానోమీటర్ల దగ్గర రీడింగ్ మారుతుంది, రంగు అణువు మాత్రం చెక్కుచెదరదు. ప్రతి శాంపిల్‌నూ ఫాస్ఫేట్ బఫర్‌తో పీహెచ్ 7కి తెచ్చాకే చదవాలి, పూర్తి స్పెక్ట్రమ్ తీయాలి.

సీఓడీ పరీక్షలోనూ ఇలాంటిదే జరుగుతుంది. ప్లాస్మా వల్ల పుట్టిన హైడ్రోజన్ పెరాక్సైడ్‌ పరీక్షలో వాడే డైక్రోమేట్‌ను ఖర్చు చేస్తుంది. లీటరులో 100 మిల్లీగ్రాముల పెరాక్సైడ్ ఉంటే లెక్క ప్రకారం సుమారు 47 మిల్లీగ్రాముల సీఓడీ లేనిది ఉన్నట్టు కనిపిస్తుంది. నైట్రైట్ కూడా అంతే. పీహెచ్ 7 దగ్గర కాటలేజ్ ఎంజైమ్‌తో పెరాక్సైడ్‌ను, సల్ఫామిక్ ఆమ్లంతో నైట్రైట్‌ను తొలగించాకే పరీక్ష పెట్టండి. శాంపిల్ తీశాక కూడా కరిగిన ఓజోన్, పెరాక్సైడ్ పని చేస్తూనే ఉంటాయి. నైట్రోజన్ బుడగలు పంపి ఓజోన్‌ను వెళ్లగొట్టకపోతే ఉదయం ఒక అంకె, సాయంత్రం ఒక అంకె వస్తుంది.

అపోహ: వోల్టేజీ పెంచితే చాలు, పని వేగంగా అవుతుంది.

వాస్తవం: ప్లాస్మాలో పుట్టి రంగును విరిచే హైడ్రాక్సిల్ రాడికల్ (చాలా చురుకైన OH కణం) నీటిలో మైక్రోసెకన్ల లోపే ఖర్చైపోతుంది. అంటే అది పుట్టిన చోటే, నీటి పైపొరలోనే రంగు దొరకాలి. లోతైన పాత్ర మీద వోల్టేజీ పెంచితే స్పార్కులు పెరుగుతాయి, అంతే. నీటిని మిల్లీమీటరు లోపు పలుచని పొరగా జార్చడమో, తుంపరగా చల్లడమో చేయాలి. రియాక్టర్ నుంచి బయటికి పోయే ఓజోన్ గాలిని సన్నటి బుడగల రాయి గుండా మళ్లీ అదే నీటిలోకి పంపితే అదనపు ఖర్చు లేకుండా ఫలితం వస్తుంది. పేరుకున్న పెరాక్సైడ్‌ను కూడా వృథా పోనివ్వొద్దు. పీహెచ్ 3 దగ్గర ఉండగానే లీటరుకు 100 మిల్లీగ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ స్ఫటికాలు, అంటే సుమారు 20 మిల్లీగ్రాముల ఇనుము వేస్తే ఆ పెరాక్సైడ్ మళ్లీ హైడ్రాక్సిల్ రాడికల్స్‌గా మారుతుంది. తర్వాత సున్నంతో ఇనుమును దింపాలి. కొంత బురద తప్పదు.

అపోహ: ల్యాబ్‌లో మిథిలీన్ బ్లూ అనే రంగు ద్రావణంలో వచ్చిన ఫలితం అద్దకం యూనిట్ నీటిలోనూ వస్తుంది.

వాస్తవం: రియాక్టివ్ రంగులతో (బట్ట పోగుతో రసాయనికంగా కలిసే రంగులు) చేసే అద్దకం నీటిలో రంగుతో పాటు ఉప్పు, సోడా యాష్, సబ్బుల్లాంటి సహాయక రసాయనాలు ఉంటాయి. సోడా యాష్ వల్ల పీహెచ్ 10 దాకా ఉంటుంది. ఆ క్షారంలోని కార్బొనేట్ హైడ్రాక్సిల్‌ను మింగేస్తుంది, బైకార్బొనేట్ కన్నా దాదాపు 45 రెట్లు వేగంగా. అందుకే ముందు ఆమ్లం వేసి కార్బొనేట్‌ను వాయువుగా వెళ్లగొట్టాలి. ఉప్పు ఎక్కువైతే నీటి లోపల డిశ్చార్జి చేసే రియాక్టర్లలో కరెంటు తంతువులు కట్టకుండా నీటిలోకి పారిపోతుంది. క్లోరిన్ చేరిన సేంద్రియ పదార్థాలు పుట్టే ప్రమాదమూ ఉంది. నురుగు ఎలక్ట్రోడ్‌ను తాకితే స్పార్కు ఖాయం. సిరిసిల్లలోనైనా తిరుప్పూర్‌లోనైనా మా సలహా ఒకటే: ముందు తేరబెట్టడం, తర్వాత జీవ శుద్ధి, అప్పటికీ మిగిలిన రంగుకే ప్లాస్మా.

అపోహ: రసాయనాలు వేయం కాబట్టి నీటిలో కొత్తగా ఏమీ చేరదు.

వాస్తవం: గాలి వాడితే నైట్రేట్ చేరుతుంది, కొలవండి. ఆక్సిజన్ వాడితే ఇది చాలావరకు తప్పుతుంది, ఖర్చు పెరుగుతుంది.

అపోహ: కరెంటు ఖర్చు నామమాత్రమే.

వాస్తవం: ఒక లెక్క చూడండి. ఒక లీటరు నీరు, అందులో 50 మిల్లీగ్రాముల రంగు, 100 వాట్ల డిశ్చార్జి, 10 నిమిషాల్లో 90 శాతం పోయిందనుకుందాం. ఖర్చైంది 16.7 వాట్-గంటలు. 1,000 లీటర్లకు సుమారు 17 యూనిట్లు. కానీ పవర్ సప్లై ప్లగ్ దగ్గర 180 వాట్లు లాగుతుంటే అది 30 యూనిట్లు. డిశ్చార్జి పవర్ కోసం ఎర్త్ వైపు కెపాసిటర్ పెట్టి ఆసిలోస్కోప్‌లో చార్జి-వోల్టేజీ బొమ్మ వైశాల్యాన్ని ఫ్రీక్వెన్సీతో గుణించండి. రెండు అంకెలూ రాయని నివేదికను నమ్మకండి.

అపోహ: ఓజోన్ వాసన వస్తే గాలి శుభ్రపడుతున్నట్టు.

వాస్తవం: వాసన వచ్చిందంటే లీకు ఉంది. పని చేసే చోట 0.1 పీపీఎం దాటకూడదు. ముక్కు త్వరగా అలవాటు పడిపోతుంది కాబట్టి మీటరే పెట్టండి. ఎగ్జాస్ట్‌కు మాంగనీస్ డయాక్సైడ్ క్యాటలిస్ట్ బిగించండి. గాఢమైన ఓజోన్‌కు యాక్టివేటెడ్ కార్బన్ పెడితే అది వేడెక్కి అంటుకోవచ్చు. మూత తీసే ముందు సప్లై ఆపి, ఎర్త్ కడ్డీతో కెపాసిటర్‌ను డిశ్చార్జి చేయాలి.