పసరూ మందే, పొడీ మందే: చెట్టు మందులపై అపోహలు - వాస్తవాలు

వార్డులో కొత్తగా చేరినవాళ్లు ఇంట్లో ఏమేం మందులు వాడుతున్నారో అడిగి రాసుకోవడం ఆసుపత్రి ఫార్మసిస్టుగా నా రోజువారీ పని. బీపీ బిళ్ల, షుగరు బిళ్ల, గ్యాస్ బిళ్ల అన్నీ గుర్తు చేసుకుని చెబుతారు. కషాయం, పసరు, చూర్ణం సంగతి మాత్రం చెప్పరు. దాచాలని కాదు, వాళ్ల లెక్కలో అది మందే కాదు. "నాటువి, ఆయుర్వేదంవి, ఎవరైనా ఇచ్చిన పొడులు ఏమైనా వాడుతున్నారా?" అని విడిగా అడిగితే అప్పుడు పక్కనున్న కూతురో కోడలో "ఆ, పొద్దున్నే పరగడుపున తిప్పతీగ రసం తాగుతారండీ" అంటుంది. ఆ ఒక్క మాటతో వైద్యం దారే మారిపోయిన కేసులు చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: చెట్టు నుంచి వచ్చింది కాబట్టి హాని చేయదు

మొక్క మన కోసం మందు తయారు చేయదు. తనను తినే పురుగుల నుంచి, పశువుల నుంచి కాపాడుకోవడానికి చేదునో, ఘాటునో, విషాన్నో తయారు చేసుకుంటుంది. వాటిలో కొన్ని మన ఒంట్లో కూడా పనిచేస్తాయి. గుండె జబ్బుకు వాడే డిగాక్సిన్ ఫాక్స్‌గ్లోవ్ జాతి మొక్క ఆకుల నుంచి వచ్చిందే. విలియం విథరింగ్ అనే ఇంగ్లండ్ డాక్టరు ఆ ఆకును ఒళ్లు నీరు పట్టినవాళ్లకు ఇచ్చి చూశాడు. ఎంత ఇస్తే మేలు జరుగుతుందో, ఎంత దాటితే వాంతులు, చూపు పచ్చబడటం, నాడి బాగా నెమ్మదించడం మొదలవుతాయో 1785లోనే పుస్తకంగా రాసి పెట్టాడు. గుండె కణాల్లోంచి సోడియాన్ని బయటికి తోసే పంపు ఒకటి ఉంటుంది. డిగాక్సిన్ దాన్ని ఆపుతుంది. దాంతో కణంలో కాల్షియం పెరిగి గుండె గట్టిగా ముడుచుకుంటుంది. మనం ఇచ్చే బిళ్లలో ఉండేది 0.25 మిల్లీగ్రాములు, అంటే గ్రాములో నాలుగు వేలో వంతు. మేలు చేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ.

మన రోడ్ల డివైడర్ల మీద, గుడి ఆవరణల్లో పెంచే గన్నేరు, పచ్చ గన్నేరుల్లో ఉన్నవి కూడా ఈ తరహా పదార్థాలే. అవీ ఆ పంపునే ఆపుతాయి. గన్నేరు విషం ఎక్కినవాళ్లకు గుండె లయ తప్పేది అందుకే. గన్నేరు పప్పు విషమని చిన్నప్పటి నుంచి వింటూనే, చెట్టు మందుకు సైడ్ ఎఫెక్ట్స్ ఉండవని నమ్ముతాం.

అపోహ: ఇంగ్లీషు మందంటే కెమికల్, మనది ప్రకృతి

షుగరుకు లక్షల మంది వేసుకునే మెట్‌ఫార్మిన్‌నే చూడండి. యూరప్‌లో గాలెగా అనే మొక్క ఉంది. అందులోని గాలెజీన్ షుగరును తగ్గిస్తుంది, కానీ మనుషులకు ఇవ్వలేనంత విషం. దానికి దగ్గరి రసాయనాల మీద జరిగిన పనిలోంచే మెట్‌ఫార్మిన్ వచ్చింది. 1957లో ఫ్రాన్స్ డాక్టరు ఝాన్ స్టెర్న్ దాన్ని షుగరు రోగులకు వాడిన ఫలితాలను ప్రచురించాడు. మలేరియాకు వాడే ఆర్టెమిసినిన్‌ను చైనాలో తు యూయూ బృందం ఒక పాత వైద్య గ్రంథంలోని సూచన పట్టుకుని 1970ల మొదట్లో ఒక మొక్క నుంచి తీసింది. ఆమెకు 2015లో నోబెల్ వచ్చింది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్న రోజుల్లో అక్కడ బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను కనిపెట్టాడు. ఇవాళ డాక్టర్లు రాసే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబానిదే. పాముకాటుకు ఇచ్చే విరుగుడు ఇంజక్షన్ గుర్రాల రక్తం నుంచి తయారవుతుంది.

బిళ్ల గన్నేరు కథ ఇంకా ఆసక్తికరం. షుగరుకు ఈ ఆకు నమలడం, రసం తాగడం మన ఊళ్లలో ఇప్పటికీ ఉంది. జమైకాలోనూ ఇదే వాడుక ఉండేది. ఆ మాట విని 1950ల్లో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఈ ఆకు సారాన్ని ఎలుకల మీద పరీక్షించారు. షుగరు విషయంలో ఆశించింది కనిపించలేదు కానీ, ఎలుకల్లో తెల్ల రక్తకణాలు పడిపోయాయి. అలా విన్‌బ్లాస్టిన్ బయటపడింది. తర్వాత విన్‌క్రిస్టిన్ వచ్చింది. పిల్లల బ్లడ్ క్యాన్సర్ వైద్యంలో ఇది ఇప్పటికీ ముఖ్యమైన మందు. కణం రెండుగా చీలడానికి కావలసిన సన్నని గొట్టాలను కట్టనివ్వదు, దాంతో విభజన ఆగిపోతుంది. ఆకులో ఉండేది ఎంత తక్కువంటే, ఒక్క గ్రాము తీయాలంటే వందల కిలోల ఎండుటాకు కావాలి. దీన్ని ఇచ్చేటప్పుడు మేం మోతాదును ఒకటికి రెండుసార్లు లెక్క చూసుకుంటాం. ఆ మొక్క ఆకునే షుగరు కోసం గుప్పెడు కోసుకుని నమిలేవాళ్లు అందులో ఏముందో తెలిసి నమలాలని నా కోరిక.

కాలేయానికి ఆ అణువు చెట్టులో పుట్టిందా, ఫ్యాక్టరీలో పుట్టిందా అన్నది పట్టదు. రెండింటినీ అవే ఎంజైములు విడగొట్టాలి, అవే మూత్రపిండాలు బయటికి పంపాలి.

అపోహ: పసరు పోస్తే కామెర్లు తగ్గిపోతాయి

అన్నింటికంటే లోతుగా పాతుకుపోయిన నమ్మకం ఇదే. దీనికి కారణం లేకపోలేదు. కామెర్లు అనేది ఒక్క జబ్బు కాదు, ఎన్నో జబ్బుల్లో బయటపడే లక్షణం. మన దగ్గర ఎక్కువగా కనిపించేది కలుషితమైన నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ. ఇవి చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పసరు మింగి, వారం పది రోజులు పథ్యం చేసేసరికి కళ్లు తెల్లబడతాయి. పేరు పసరుకు పోతుంది. ఊళ్లో పదిమందికీ తగ్గిన ఆ మందు పదకొండో మనిషికి పనిచేయదు. ఎందుకంటే అతనికి ఉన్నది పిత్తనాళంలో రాయి కావచ్చు, క్లోమం తలలో గడ్డ కావచ్చు, హెపటైటిస్ బి కావచ్చు, టీబీ మందుల వల్ల దెబ్బతిన్న కాలేయం కావచ్చు.

నాకు బాగా గుర్తుండిపోయిన ఒక పెద్దాయన ఉన్నారు. మూడు చోట్ల పసరు తాగి, చేతి మీద వాత పెట్టించుకుని, ఉప్పూ నూనే లేని చప్పిడి కూడు తిని సగానికి సగం చిక్కిపోయి వచ్చారు. ఒళ్లంతా గోకిన గీతలు. మలం సుద్దలా తెల్లగా పోతోందని ఇంట్లోవాళ్లకు తెలుసు, అది చెప్పాల్సిన విషయమని తెలియదు. మూత్రం ముదురు రంగు, మలం తెలుపు, విపరీతమైన దురద మూడూ కలిశాయంటే పైత్యరసం పేగులోకి దిగకుండా ఎక్కడో అడ్డు పడిందని అనుమానించాలి. ఏ ఆకూ ఆ అడ్డును తీయలేదు. కామెర్లు వచ్చిన మనిషి తికమకగా మాట్లాడినా, పగలంతా మత్తుగా పడుకున్నా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, గర్భిణికి కామెర్లు వచ్చినా ఒక్క పూట కూడా ఆగకూడదు.

కామెర్లకు పసరుగా వాడే నేల ఉసిరి మీద పరిశోధన జరగలేదని కాదు. మద్రాసులో త్యాగరాజన్ బృందం చేసిన చిన్న అధ్యయనం 1988లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. నేల ఉసిరి తీసుకున్న హెపటైటిస్ బి వాహకుల్లో సగానికి పైగా మందికి వైరస్ గుర్తు రక్తంలోంచి పోయిందని అందులో రాశారు. ఎంతో ఆశ కలిగించిన ఫలితం. తర్వాత వేరే చోట్ల చేసిన అధ్యయనాల్లో అది మళ్లీ కనిపించలేదు.

అపోహ: వంటింట్లో వాడేదే కదా, ఎంత తీసుకున్నా పర్వాలేదు

పసుపులో కుర్‌క్యుమిన్ ఉండేది నూటికి మూడు వంతుల దరిదాపు. అదీ పేగుల్లోంచి రక్తంలోకి చాలా తక్కువగా ఎక్కుతుంది. కూరలో వేసే పసుపుతో భయం లేదు. క్యాప్సూల్ సంగతి వేరు. అందులో కుర్‌క్యుమిన్‌ను గాఢంగా కూర్చి, పైగా మిరియాల సారమైన పైపరిన్ కలుపుతారు. పైపరిన్ వల్ల కుర్‌క్యుమిన్ ఒంటికి పట్టడం ఎన్నో రెట్లు పెరుగుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. దాన్నే ఇప్పుడు అమ్మకానికి గొప్పగా చెబుతున్నారు. పసుపు సప్లిమెంట్ల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు ఇటలీలో, అమెరికాలో నమోదయ్యాయి.

తిప్పతీగ విషయంలో ఇంకాస్త జాగ్రత్తగా మాట్లాడాలి. కోవిడ్ రోజుల్లో ఇంటింటా తాగారు. 2021లో ముంబై డాక్టర్లు, ఆ తర్వాత దేశంలోని వేర్వేరు ఆసుపత్రుల డాక్టర్లు కలిసి, తిప్పతీగ వాడినవాళ్లలో కాలేయం వాచిన కేసులను ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దీన్ని ఒప్పుకోలేదు, అదే జాతిలోని వేరే తీగతో పొరబడి ఉండొచ్చంది. నా వరకు నేను చెప్పేది ఇది: థైరాయిడ్, కీళ్లవాతం లాంటి ఆటో ఇమ్యూన్ జబ్బు (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద దాడి చేసే జబ్బు) ఉన్నవాళ్లు, కాలేయ సమస్య ఉన్నవాళ్లు ఇమ్యూనిటీ పెంచుతుందని చెప్పే ఏ రసమూ డాక్టరును అడగకుండా తాగొద్దు. ఇప్పటికే తాగుతుంటే, ఆకలి చచ్చిపోయినా కళ్లు పచ్చబడినా వెంటనే మానేసి లివర్ పరీక్ష చేయించుకోండి.

అపోహ: పసిపిల్లలకు వస కొమ్ము, వేప నూనె మంచివి

మాటలు త్వరగా వస్తాయని వస అరగదీసి నాకిస్తారు. వసలోని అసరోన్ వల్ల జంతువుల్లో కణుతులు వచ్చాయని తేలాక, 1968లో అమెరికా దాన్ని ఆహారంలో నిషేధించింది. వేప నూనె తాగించిన పసిపిల్లలకు ఫిట్స్ వచ్చి, కాలేయం, మెదడు దెబ్బతిన్న సంఘటనలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. చుక్క కూడా వద్దు.

అపోహ: రెండూ కలిపి వాడితే ఇంకా త్వరగా తగ్గుతుంది

గుండె కవాటం మార్చినవాళ్లు వార్ఫరిన్ వేసుకుంటారు. అది విటమిన్ కె పనిని అడ్డుకుని రక్తం గడ్డకట్టకుండా చూస్తుంది. విటమిన్ కె ఎక్కువగా ఉండే మునగాకు పొడిని ఉన్నట్టుండి రోజూ మొదలుపెడితే మందు బలం తగ్గొచ్చు. ఆకుకూరలు మానేయమని కాదు, వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తినమని. దగ్గుకు నెలల తరబడి అతిమధురం చప్పరిస్తే ఒంట్లో ఉప్పు నిలిచి, పొటాషియం పడిపోయి, బీపీ పెరుగుతుంది. షుగరు బిళ్ల వేసుకుని పైన కాకర రసం, మెంతి పొడి దట్టించి భోజనం ఆలస్యం చేస్తే షుగరు పడిపోయే ప్రమాదం ఉంది.

మెంతులు వట్టివని మాత్రం అనను. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో వాటి మీద మంచి పరిశోధనే జరిగింది, షుగరు తగ్గడం కనిపించింది. కాకపోతే అక్కడ ఇచ్చింది రోజుకు 25 గ్రాములు, అంతకు మించి కూడా. సునాముఖి ఆకు విరేచనానికి నిజంగా పనిచేస్తుంది, మందుల షాపులో బిళ్లగానూ దొరుకుతుంది. చెట్టు మందులన్నీ మోసం అనేవాళ్లదీ అపోహే.

అపోహ: ఆ పొడి రెండు రోజుల్లో నొప్పులు లాగేసింది, అంత మహత్తు ఉంది

ఈ మాట వింటే నాకు టెన్షన్ మొదలవుతుంది. ఏళ్ల నాటి మోకాళ్ల నొప్పి రెండు రోజుల్లో పోయిందంటే ఆ పొట్లంలో స్టెరాయిడ్ ఉందేమోనని ముందు అనుమానిస్తాను. పేరూ ఊరూ లేని పొడుల్లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, షుగరు పొడుల్లో గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగరు మందు కలిపి అమ్మడం పరీక్షల్లో పలుమార్లు బయటపడింది. స్టెరాయిడ్ వల్ల కొన్ని నెలలకు ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, చర్మం పలచబడి తాకితే కమిలిపోతుంది, లేని షుగరు వస్తుంది. ఆకలి పెరిగి ఒళ్లు చేస్తే "ఒంటికి పట్టింది" అని సంతోషిస్తారు కూడా. ఇంకో ప్రమాదం మానేసినప్పుడు. బయటి నుంచి స్టెరాయిడ్ అందుతున్నంత కాలం ఒంట్లో సహజంగా స్టెరాయిడ్ తయారు చేసే మన అడ్రినల్ గ్రంథులు తమ పని తగ్గించుకుంటాయి. పొడి ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి మనిషి కుప్పకూలవచ్చు. కాబట్టి అలాంటి పొడి నెలల తరబడి వాడినవాళ్లు భయపడి పారేయకండి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. మెల్లగా తగ్గించే పద్ధతి ఉంది.

కొనే ముందు లేబుల్ చూడండి. ఆయుర్వేద మందుకు కూడా తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, అందులో ఏమేం ఉన్నాయో ఆ జాబితా ఉండాలి. కాగితంలో పొట్లం కట్టి ఇచ్చినదానికి ఇవేవీ ఉండవు. భస్మాలైతే ఇంకా జాగ్రత్త: 2004లో వచ్చిన ఒక అధ్యయనంలో, అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 70లో 14 రకాల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనిపించింది. ఏ మందుతోనైనా ఇబ్బంది వస్తే 1800-180-3024కు ఉచితంగా ఫోన్ చేసి చెప్పొచ్చు. ఆసుపత్రికి వచ్చేటప్పుడు పాత రిపోర్టుల సంచిలోనే ఆ సీసా, ఆ పొట్లం కూడా వేసుకుని రండి. ఎవరూ తిట్టరు, మాకు కావలసింది అందులో ఏముందో తెలియడమే.