క్విల్టు గుడ్డ నాణ్యత, ధర: అపోహలు – వాస్తవాలు

క్విల్టులు కుట్టడం నేర్చుకోవడానికి నా దగ్గరికి వచ్చేవాళ్లు మొదటిరోజు కుట్టు గురించి అడగరు, గుడ్డ గురించి అడుగుతారు. ‘ఇంత ఖరీదు పెట్టాల్సిందేనా? చవకది తీసుకుంటే ఏమవుతుంది?’ అని. అడగాల్సిన ప్రశ్నే. క్విల్టంటే గుడ్డ ముక్కలు కలిపి కుట్టిన పైపొరకీ, అడుగు గుడ్డకీ మధ్య దూది పెట్టి మూడూ కలిపి కుట్టే దుప్పటి. మంచం నిండా పరిచే క్విల్టు చేతితో కుట్టాలంటే నెలలు పడుతుంది. అన్ని నెలల పని ఎలాంటి గుడ్డ మీద పెడుతున్నామో ముందే తెలుసుకోవాలి కదా. వాళ్ల నోట నేను తరచుగా వినే మాటలు, వాటికి నేను చెప్పే జవాబులు ఇవి.

అపోహ: ఖరీదు ఎక్కువైతే గుడ్డ మంచిదే అయి ఉంటుంది.

ధరలో గుడ్డ వాటా కొంతే. ప్రింటు వేయకముందు ఉండే కోరా గుడ్డ ఒక ఖర్చు. దాని మీద డిజైను గీసినవాళ్లకి ఇచ్చే డబ్బు ఇంకో ఖర్చు. స్క్రీన్ ప్రింటింగ్‌లో రంగుకొక స్క్రీన్ చేయించాలి కాబట్టి రంగులు పెరిగేకొద్దీ ఖర్చూ పెరుగుతుంది. గుడ్డ అంచు మీద వరసగా చిన్న రంగు చుక్కలు ఉంటాయి, చూసే ఉంటారు. ఆ డిజైనులో వాడిన రంగులవి. 16 చుక్కలున్న పూల ప్రింటుకీ, ప్రింటే లేని సాదా రంగు గుడ్డకీ అడుగున ఒకటే కోరా ఉండొచ్చు, ధర మాత్రం చాలా తేడాగా ఉంటుంది. తక్కువ మీటర్లు అచ్చేసే డిజైనైతే ఆ ఖర్చంతా ఆ కొద్ది మీటర్ల మీదే పడుతుంది. అంటే ఖరీదైన ప్రింటుకి మనం ఇచ్చే డబ్బులో ఎక్కువ భాగం బొమ్మకే పోవచ్చు. బొమ్మ నచ్చితే తప్పకుండా కొనండి, నేనూ కొంటాను. కానీ అది గుడ్డ గట్టితనానికి ఇచ్చిన డబ్బు అనుకోవద్దు.

చవక గుడ్డ సంగతి వేరు. అక్కడ చాలాసార్లు కోత పడేది కోరాలోనే. పోగులు పలచబడతాయి, ఆ పలచదనం కనబడకుండా గంజి పెడతారు.

అపోహ: చేతికి దళసరిగా, బిరుసుగా తగిలితే గట్టి గుడ్డ.

నన్నడిగితే అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పోగొట్టే అపోహ ఇదే. కొత్త గుడ్డకి ఉండే బిరుసు, మెరుపు చాలావరకు గంజివీ, ఇస్త్రీవీ. నీళ్లు తగిలాక మిగిలేదే అసలు గుడ్డ.

దుకాణంలో ఉండగానే రెండు పనులు చేయొచ్చు. ఒక మూల పట్టుకుని రెండు బొటనవేళ్ల మధ్య గట్టిగా నలపండి. తెల్లటి పొడి రాలినా, నలిపిన చోటు మెత్తబడి గుడ్డ వదులుగా తోచినా అక్కడ పని చేస్తున్నది గంజే. తర్వాత గుడ్డని ఒంటి పొరగా వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. పోగుల మధ్య సందులు జల్లెడలా కనిపిస్తే వదిలేయండి.

నమ్మకంగా తెలియాలంటే పావు మీటరు తెచ్చుకుని ఉతకాలి. నేను 25 సెంటీమీటర్ల చదరం కత్తిరించి, పడుగు (గుడ్డ పొడుగునా వెళ్లే పోగులు) ఎటువైపో పెన్సిల్‌తో గీత పెట్టుకుని, క్విల్టుని ఎలా ఉతుకుతానో అలాగే ఉతికి ఆరబెట్టి మళ్లీ కొలుస్తాను. ఈమధ్య ఒక ముదురు నీలం గుడ్డ ఇలా ఉతికితే పడుగు వైపు 23.5, పేక (అడ్డంగా వెళ్లే పోగులు) వైపు 24.5 వచ్చింది. ఒకవైపు 6 శాతం, ఇంకోవైపు 2 శాతం కుంచించుకుపోయిందన్నమాట. మంచి కాటన్ కూడా 3 నుంచి 5 శాతం దాకా కుంచించుకుపోతుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. కానీ రెండు వైపులా ఇంత తేడా ఉంటే ఉతకకుండా కుట్టిన చదరాలు తర్వాత లాక్కుపోయి క్విల్టు వంకర తిరుగుతుంది. ఆ నీలం గుడ్డలో ఇంకోటి కూడా చూశాను. ఉతికిన రెండు ముక్కల్ని పావు అంగుళం లోపలికి కుట్టి, కుట్టుకి అటూ ఇటూ పట్టుకుని లాగితే పోగులు దారం మీద నుంచి పక్కకి జరిగి నిచ్చెన మెట్లలా సందులు పడ్డాయి. మామూలు బట్టలకి కుట్టు లోపల ఎక్కువ గుడ్డ వదులుతాం. క్విల్టులో వదిలేది ఆ పావు అంగుళమే. అది పీచులు లేస్తే మిగిలేదేముంది? ఆ నీలం నాకెంత నచ్చినా పక్కన పెట్టేశాను.

అపోహ: అంగుళానికి ఎన్ని పోగులుంటే అంత మంచిది.

దుప్పట్ల ప్రకటనలు నేర్పిన లెక్క ఇది. క్విల్టింగ్ కాటన్‌లో మామూలుగా అంగుళానికి పడుగు 60 నుంచి 75 దాకా, పేక కూడా దాదాపు అంతే ఉంటుంది. అంతకన్నా బాగా పలచబడితే లోపలి దూది పీచు పైకి వస్తుంది. మరీ చిక్కగా ఉంటే సూది దిగదు. మైనం అద్ది రంగు వేసే బాతిక్ గుడ్డల నేత చిక్కగా ఉంటుంది, అందుకే అవి మెషీన్ మీద చక్కగా వస్తాయి గానీ, చేతికుట్టుకి వేళ్లు నొప్పి పుట్టిస్తాయి. లెక్కపెట్టాలంటే భూతద్దం కింద స్కేలు పెట్టి అర అంగుళంలో పోగులు సూదిమొనతో లెక్కేసి రెట్టింపు చేస్తే చాలు. పడుగుకీ పేకకీ ఎంత తేడా ఉందో కూడా అప్పుడే తెలిసిపోతుంది.

అపోహ: ఉప్పునీళ్లలోనో వెనిగర్‌లోనో నానబెడితే రంగు పట్టుకుంటుంది.

ఇది నమ్మే నా మొదటి పెద్ద క్విల్టు పాడుచేసుకున్నాను. ఎరుపు, తెలుపు నక్షత్రాల డిజైను. ఎర్ర గుడ్డని ముందురోజు రాత్రి ఉప్పు, వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టి, ఇక భయం లేదనుకున్నాను. కుట్టడం పూర్తయ్యాక మొదటి ఉతుకులోనే తెల్ల నక్షత్రాలన్నీ గులాబీ రంగుకి తిరిగాయి. ఆ రోజు ఏడ్చాను.

వెనిగర్ లాంటి పులుపు పనికొచ్చేది ఉన్నికీ, పట్టుకీ వేసే ఆసిడ్ రంగులకి. కాటన్‌కి వేసే రంగుల దారి వేరు. ఉప్పు కూడా రంగు వేసే సమయంలో రంగుని పోగు దగ్గరికి చేర్చడానికి సాయపడుతుందే తప్ప, వేసేశాక దాన్ని కట్టిపడేయలేదు. గుడ్డలో పట్టని రంగు మిగిలి ఉంటే దాన్ని బయటికి పంపేయడమే మార్గం.

అందుకని ఎరుపు, ముదురు నీలం, నలుపు గుడ్డల్ని ముందే పరీక్షించండి. తడి తెల్లగుడ్డతో రుద్దితే ఎంత అంటుకుంటుందో చూడండి. తర్వాత గిన్నెలో వేడినీళ్లు, చుక్క సబ్బు వేసి చిన్న ముక్కని అరగంట నానబెట్టండి. నీళ్లకి రంగు దిగితే నీళ్లు మారుస్తూ, దిగడం ఆగేదాకా ఉతకండి. నాలుగైదు సార్లు ఉతికినా ఆగకపోతే ఆ గుడ్డ తెలుపు పక్కన పెట్టకండి. ఒకవేళ కుట్టేసిన క్విల్టులోనే రంగు అంటుకుంటే ఆరనివ్వకండి. వేడినీళ్లు ఎక్కువగా తీసుకుని, సబ్బు వేసి మునిగేలా నానబెడితే చాలావరకు వదులుతుంది. ఇది నాకు అప్పుడు తెలియదు.

అపోహ: 100 శాతం కాటన్ అని రాసుంటే అన్నీ ఒకటే.

కావు. పొడుగు పీచు దూదితో వడికిన నూలు నునుపుగా, గట్టిగా ఉంటుంది. పొట్టి పీచుదైతే కొన్ని ఉతుకులకే నూగు లేచి ఉండలు కడుతుంది. అసలు కాటనేనా అన్న అనుమానం ఉంటే నాలుగు పోగులు తీసి, చిమటాతో పట్టుకుని సింకు మీద కాల్చండి. కాటన్ కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టర్ కలిసుంటే కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

అపోహ: మీటరు ధర చూస్తే ఏది చవకో తెలిసిపోతుంది.

పన్నా, అంటే గుడ్డ వెడల్పు, చూడకుండా తెలియదు. 110 సెంటీమీటర్ల పన్నా కన్నా 150 పన్నాలో మీటరుకి 36 శాతం ఎక్కువ గుడ్డ వస్తుంది. ధరని పన్నాతో భాగించి పోల్చండి. ముందే కత్తిరించి అమ్మే ముక్కల కట్టల్నీ అలాగే లెక్కేయండి. చదరపు మీటరు లెక్కన అవి తానులోంచి కొన్న గుడ్డ కన్నా చాలాసార్లు ఎక్కువే పడతాయి. రకరకాల ప్రింట్లు కొద్దికొద్దిగా కావాలంటే మాత్రం ఆ ధర న్యాయమే.

అపోహ: అడుగున వేసే గుడ్డ ఏదైనా ఫర్వాలేదు.

ఒంటికి రాసుకునేది, ఎక్కువ అరిగేది ఆ వైపే. పై గుడ్డతో సమానంగా కుంచించుకోకపోతే క్విల్టంతా ముడతలే. డబ్బు తగ్గించుకోవాలంటే ప్రింటు తగ్గించుకోండి. సాదా రంగులో మంచి కోరా మీద వచ్చిన గుడ్డ వేయండి.

అపోహ: తగ్గింపు ధరకి పెట్టారంటే ఏదో లోపం ఉన్నట్టే.

చాలాసార్లు డిజైను పాతబడటమే కారణం. అలాంటివి నేను సంతోషంగా కొంటాను. కాకపోతే చాలాకాలం అల్మరాలో ఉన్న గుడ్డకి బయటికి కనబడే మడత దగ్గర వెలుతురు తగిలి రంగు వెలుస్తుంది. మడతపెట్టి ఉండగా చూస్తే తెలియదు. కావలసినంతా విప్పించి, మడత గీత పొడుగునా చూడండి. వెలిసిన గీత కనబడితే, దాన్ని తప్పించి కత్తిరించగా ఎంత మిగులుతుందో లెక్కేసి, ఆ మిగిలినదానికే ధర కట్టండి.