ఉలికిపాటు వేరు, గుబులు వేరు

చీకటి హాల్లో, తెర మీద ఒక తలుపు ధడేలుమంటుంది. ఆ చప్పుడు చెవిన పడ్డాక కనురెప్పలు మూతపడటానికి సెకనులో ఇరవయ్యో వంతు చాలు. ఆ వెనకే మెడ లోపలికి ముడుచుకుంటుంది, భుజాలు పైకి లేస్తాయి, చేతిలో పాప్‌కార్న్ ఒలుకుతుంది. "సినిమాయే కదా" అన్న ఆలోచన పుట్టేసరికి ఇదంతా అయిపోయి ఉంటుంది. చెవి నుంచి బయల్దేరిన సంకేతం మెదడు అడుగున ఉన్న కాండంలో రెండు మూడు మజిలీలు దాటి నేరుగా కండరాలకు పోతుంది. ఆలోచించే మెదడుని ఎవరూ అడగరు. అందుకే ఎక్కడ చప్పుడొస్తుందో ముందే తెలిసినా కొంతైనా అదురుతాం.

ఇది ఉలికిపాటు. వెనక ఎవరో బెలూన్ పగలగొట్టినా వస్తుంది. సినిమా చూసి ఇంటికొచ్చాక, అర్ధరాత్రి నీళ్ళు తాగడానికి వంటగదిలోకి వెళ్ళాలంటే హాల్లో లైటు కూడా వేయించేది వేరే ఉంది. దాని పేరు గుబులు. ఏదో ఉంది, ఇంకా కనబడలేదు అన్న ఎదురుచూపు. ఇక నెత్తురు, పేగులు, పురుగులు చూస్తే పుట్టేది రోత. భరతుడు నాట్యశాస్త్రంలో భయానికి భయానకాన్నీ, జుగుప్సకు బీభత్సాన్నీ వేర్వేరు రసాలుగా పెట్టాడు. హారర్ సినిమా ఇవన్నీ కలిపి వండుతుంది. తినేవాడి వయసుని బట్టి వీటిలో ఏది ఘాటుగా తగులుతుందో మారిపోతుంది.

ఉలికిపాటుని ఎలా కడతారో చూడటానికి 1942 నాటి అమెరికన్ సినిమా క్యాట్ పీపుల్‌లో ఒక సీను చాలు. రాత్రి, జనం లేని రోడ్డు. ఒకామె నడుస్తోంది. వెనకాల, చిరుతగా మారుతుందేమోనని మనం అనుమానిస్తున్న ఇంకొకామె. టక్ టక్ మని ఇద్దరి అడుగులూ వినిపిస్తుంటాయి. సంగీతం లేదు. కాసేపటికి వెనక అడుగుల చప్పుడు ఆగిపోతుంది. ముందున్నామె తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. నడక వేగం పెరుగుతుంది. ఇప్పుడే చిరుత దూకుతుందని మనం బిగబట్టుకుని ఉండగా, తెర పక్క నుంచి బుస్సుమంటూ ఒక బస్సు వచ్చి ఆగుతుంది. అంతే, సిటీ బస్సు. నిర్మాత వాల్ ల్యూటన్ పేరు మీద ఈ ఎత్తుగడని ఇప్పటికీ ‘ల్యూటన్ బస్’ అంటారు.

ఇందులో పని చేసేవి మూడు. మొదటిది నిశ్శబ్దం. చుట్టూ చప్పుడు తగ్గేకొద్దీ చెవి రిక్కించి వింటాం, అప్పుడు మామూలు చప్పుడు కూడా పెద్దదిగా తగులుతుంది. రెండోది శబ్దం ఎక్కే వేగం. మెల్లగా పెరిగే మోత ఎంత పెద్దదైనా ఉలిక్కిపడం. ఒక్క ఉదుటున పైకి లేవాలి. మూడోదే అసలు కీలకం, అప్పటికే మనసులో ఉన్న గుబులు. ముందే భయపడి ఉన్న ఎలుక అదే చప్పుడుకి ఇంకా ఎత్తుకి ఎగురుతుందని 1951లోనే ప్రయోగం చేసి చూపారు. గుబులు ఎంత పేరిస్తే ఉలికిపాటు అంత బలంగా తగులుతుంది.

చాలా హారర్ సినిమాలు చెడేది కూడా ఇక్కడే. అయిదు నిమిషాలకొకసారి ఢామ్మనిపిస్తే ఒళ్ళు దానికి అలవాటు పడుతుంది. నాలుగోసారికి ఉలికిపాటు తగ్గిపోయి, ప్రేక్షకుడు విసుక్కుంటాడు. గుబులు పేర్చకుండా చప్పుడు మాత్రం పెంచిన సినిమాకి ఇంటర్వెల్ తర్వాత ఇంక మిగిలేదేం ఉండదు. ఇంట్లో దీన్ని పరీక్షించుకోవచ్చు. మిమ్మల్ని బాగా అదరగొట్టిన సీనుని టీవీలో మ్యూట్ చేసి చూడండి. ఉలికిపాటు దాదాపు మాయమవుతుంది. అప్పటికీ గుండెలో ఏదో బరువు మిగిలితే, ఆ దర్శకుడికి పని తెలుసు.

అరుపుల సంగతి ఒకటి చెప్పాలి. మనిషి ప్రాణభయంతో అరిచినప్పుడు శబ్దం తీవ్రత సెకనుకి 30 నుంచి 150 సార్లు పైకీ కిందకీ ఊగుతుంది. చెవికి అది గరగరగా తోస్తుంది. మామూలు మాటలో ఊపు దీనికంటే చాలా నిదానం. ఈ గరగర ఎంత ఎక్కువుంటే అరుపు అంత భయంకరంగా వినిపిస్తుందనీ, భయంతో ముడిపడిన మెదడు భాగం అమిగ్డలా అంతగా స్పందిస్తుందనీ 2015లో న్యూయార్క్ పరిశోధకులు చూపారు. కారు అలారంలోనూ ఇదే గరగర ఉంటుంది. సౌండ్ డిజైనర్లు శ్రుతి తప్పిన వయొలిన్ తీగల్ని ఎందుకు గీకిస్తారో దీన్నిబట్టి అర్థమవుతుంది.

కణతల వెనక, మెదడు లోతున, బాదంగింజంత ఉంటుంది అమిగ్డలా. అరుదైన జబ్బుతో రెండు వైపులా అది దెబ్బతిన్న ఒక అమెరికన్ మహిళని పరిశోధకులు ఎస్‌ఎం అనే అక్షరాలతో పిలుస్తారు. పాముల్ని చేత్తో పట్టించారు, దెయ్యాల కొంప సెట్టులో తిప్పారు, హారర్ సినిమా ముక్కలు చూపారు. ఆమెకి ఆసక్తి కలిగింది గానీ భయం పుట్టలేదు. ఈ వివరాలు 2011లో వచ్చాయి. రెండేళ్ళ తర్వాత, 35 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన గాలిని ఒక్కసారి పీల్పించేసరికి ఆమె ఊపిరాడక హడలిపోయింది. బయటి నుంచి కంటికీ చెవికీ వచ్చే ముప్పుకి ఒక దారి, ఒంటి లోపలి ముప్పుకి ఇంకో దారి ఉన్నాయన్నమాట. హారర్ సినిమా నడిచేది మొదటి దారినే.

ఇక వయసు. మరీ చిన్నపిల్లలకి కనబడేదే నిజం. 1969లో రీటా డెవ్రీస్ అనే మనస్తత్వవేత్త మేనార్డ్ అనే ఒక సాధు పిల్లిని పిల్లలకి చూపి, ముట్టుకోనిచ్చింది. తర్వాత దాని తలని తెర చాటున పెట్టి, తోక వైపు మాత్రం పిల్లలకి కనబడేలా ఉంచి, మొహానికి కుక్క ముసుగు తొడిగింది. పిల్లి ఎక్కడికీ పోలేదని పిల్లలకి కనబడుతూనే ఉంది. అయినా మూడేళ్ళవాళ్ళలో చాలామంది అది కుక్క అయిపోయిందనే నమ్మారు. ఆరేళ్ళవాళ్ళు అది పిల్లేనని పట్టేశారు.

ఇప్పుడు మన దెయ్యం సినిమాల్లో తప్పకుండా ఉండే సీను తలచుకోండి. అంతవరకూ నవ్వుతూ అన్నం కలిపి పెట్టిన అమ్మకి కళ్ళు తెల్లబడి, గొంతు మారిపోతుంది. పెద్దవాళ్ళకి అది ‘దెయ్యం పట్టడం’, కథలో ఒక మలుపు. నాలుగేళ్ళ పిల్లకి మాత్రం అమ్మ ఇంకేదో అయిపోయింది. 1980లలో అమెరికాలో హల్క్ సీరియల్ చూపినప్పుడు చిన్నపిల్లలు బాగా బెదిరింది మంచి హీరో ఆకుపచ్చగా మారే ఘట్టానికే. అతను మారేది జనాన్ని కాపాడటానికని పెద్దపిల్లలు గ్రహించారు. ఇది గమనించిన అమెరికన్ పరిశోధకురాలు జోఆన్ కాంటర్ బృందమే ఇంకో ప్రయోగంలో ఒక ముసలామెని అందంగా, వికారంగా రెండు రూపాల్లో, దయగా, క్రూరంగా రెండు నడతల్లో చూపింది. మూడు నుంచి అయిదేళ్ళవాళ్ళు ఎక్కువగా రూపం చూసి మంచిచెడ్డలు తేల్చారు. తొమ్మిది పదేళ్ళవాళ్ళు నడతని చూశారు.

తొమ్మిదేళ్ళు దాటాక బూచాడి పట్టు సడలుతుంది. ఆ ఖాళీలోకి జరగడానికి వీలున్నవి వచ్చి చేరతాయి. కిడ్నాప్, దొంగ, అగ్నిప్రమాదం, అమ్మానాన్నలకి ఏదైనా అవడం. ఇంకా పెద్దయ్యాక కంటికి కనబడని ముప్పు కూడా భయపెడుతుంది. 1983 నవంబరులో అమెరికన్ టీవీలో అణుయుద్ధం మీద ఒక సినిమా వేశారు. మర్నాడు ఇళ్ళకి ఫోన్లు చేసి అడిగితే, పన్నెండేళ్ళ లోపు పిల్లలు తక్కువగా, టీనేజీ పిల్లలు ఎక్కువగా, తల్లిదండ్రులు అందరికన్నా ఎక్కువగా కలత పడ్డారని తేలింది. సినిమా ఒక్కటే. అర్థమైనకొద్దీ భయం పెరిగింది.

టీనేజీ చివర్లో, ఇరవైల మొదట్లో గాఢమైన అనుభూతుల కోసం తహతహ శిఖరానికి చేరుతుంది. అందుకే హారర్‌కి అసలు గిరాకీ ఆ వయసులోనే. భయంతో వేగం పుంజుకున్న గుండె సీను అయ్యాక కూడా కాసేపు అలాగే కొట్టుకుంటుంది. పక్కన స్నేహితులుంటే ఆ ఊపే నవ్వుగా, కేకలుగా మారుతుంది. డెన్మార్క్‌లోని ఆర్హుస్ పరిశోధకులు భూత్‌బంగ్లా ఆటకి వచ్చినవాళ్ళ గుండె వేగం కొలిచి, భయం మరీ తక్కువైనా మరీ ఎక్కువైనా మజా తగ్గుతుందని 2020లో చూపారు. ఒళ్ళు నిజంగానే ముప్పుకి సిద్ధపడుతుంది. భయానికి నెత్తురు గడ్డకట్టింది అంటుంటాం కదా, 2015లో నెదర్లాండ్స్‌లో 24 మంది యువతకి హారర్ సినిమా చూపి రక్తం పరీక్షిస్తే, గడ్డకట్టడానికి తోడ్పడే ఫ్యాక్టర్ 8 పెరిగింది. గడ్డలేమీ కట్టలేదు లెండి.

పిల్లల్ని కన్నాక గురి మళ్ళీ మారుతుంది. దెయ్యాన్ని చూసి నవ్వే నాన్న, తెర మీద జాతరలో పిల్లాడి చెయ్యి జారిపోగానే సీట్లో ముందుకి జరుగుతాడు. అరవై దాటాక ఉలికిపాటు మెత్తబడుతుంది, సన్నటి శబ్దాలు చెవికి అందడం తగ్గుతుంది, సాహసాల తహతహా చల్లారుతుంది.

పిల్లల విషయంలో మాత్రం పెద్దలు గట్టిగా ఉండాలి. సెన్సారు సర్టిఫికెట్‌లో 2024 నుంచి యూఏ కింద 7+, 13+, 16+ అని విడివిడిగా వేస్తున్నారు. టికెట్ కొనేముందు ఆ అంకె చూడండి. అది తల్లిదండ్రులకి ఇచ్చే సూచన. గేటు దగ్గర ఎవరో ఆపుతారని అనుకోవద్దు. హాల్లో సౌండ్ తగ్గించే వీలుండదు, చిన్నవాళ్ళు అదిరేది ముందు శబ్దానికే. చిన్నతనంలో చూసిందేదో చాలాకాలం వెంటాడిందని, 1999లో అచ్చయిన అధ్యయనంలో పది మంది కాలేజీ విద్యార్థుల్లో తొమ్మిది మంది చెప్పారు. నాలుగో వంతు మందిలో ఆ బెదురు ఇంకా మిగిలే ఉంది.

పిల్ల దడుచుకుంటే ఏడేళ్ళ లోపు "అది నిజం కాదమ్మా" అన్న మాట పనిచేయదు, నిజానికీ వేషానికీ మధ్య గీత ఇంకా గట్టిపడలేదు గనక. ముందు టీవీ ఆపి లైటు వేయండి. ఒళ్ళో కూర్చోబెట్టుకుని తాగడానికేదైనా ఇవ్వండి. తనకి అలవాటైన దుప్పటో బొమ్మో చేతికివ్వండి. కళ్ళు మూసుకుంటానంటే మూసుకోనివ్వండి, చిన్నవాళ్ళకి అది పనికొస్తుంది. పెద్దపిల్లలకి అదే ఎదురు తిరగొచ్చు, కనబడనిదాన్ని ఊహ పూరిస్తుంది. ఎనిమిది దాటినవాళ్ళతో మాట్లాడండి: మేకప్ ఎలా వేస్తారు, ఇలా జరిగే అవకాశమెంత, జరిగితే మనం ఏం చేస్తాం. ఏ వయసు పిల్లలకైనా కొద్దికొద్దిగా అలవాటు చేయడం మేలు. సాలీళ్ళ సీనుకి ముందు రబ్బరు సాలీడుని చేతికిస్తే భయం తగ్గుతుంది. ముందు దాన్ని దూరంగా బల్ల మీద పెట్టి, పిల్లే వెళ్ళి ముట్టుకునేదాకా ఆగండి.